ఐరిష్‌లో ‘ఫ్యర్’: ఒక్క నామవాచకాన్ని వేళ్ళతో సహా నేర్చుకునే పద్ధతి

ఐర్లాండ్ పడమటి తీరంలో ఇప్పటికీ ఐరిష్ మాట్లాడుకునే ఊళ్ళలో మరుగుదొడ్ల తలుపుల మీద రెండు మాటలు కనిపిస్తాయి. ఒకటి ఎఫ్‌తో, రెండోది ఎమ్‌తో మొదలవుతాయి. ఇంగ్లీషు అలవాటు కొద్దీ ఎఫ్ అంటే ఫిమేల్, ఎమ్ అంటే మెన్ అనుకుని తలుపు తోస్తే గొడవే. ఎఫ్‌తో మొదలయ్యే ‘ఫిర్’ అంటే మగవాళ్ళు. ఎమ్‌తో మొదలయ్యే ‘మ్నా’ అంటే ఆడవాళ్ళు.

ఈ ‘ఫిర్’ని నిఘంటువులో నేరుగా వెతికితే మీకు కావలసిన ఆరోపం, అంటే ఆ మాటకు ఇచ్చిన పద్దు, దొరకదు. అది బహువచనం. ఏకవచనం ‘ఫ్యర్’, అంటే మగమనిషి. ఐరిష్ నామవాచకాలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మాట లేదు. చిన్నది, రోజూ అవసరమయ్యేది, ఆ భాష పెట్టే తిప్పలు ముప్పాతిక వంతు ఇందులోనే ఉన్నాయి. పైగా తెలుగు చదువుకున్నవాళ్ళకు ఇందులో రెండు మూడు చోట్ల ఇంగ్లీషువాళ్ళకు లేని వెసులుబాటు ఉంది.

ముందు రాత, పలుకు

‘ఫ్యర్’ని ఎఫ్, ఈ, ఏ, ఆర్ అని నాలుగక్షరాలతో రాస్తారు. భయం అనే ఇంగ్లీషు మాటకూ ఇవే అక్షరాలు, కానీ రెంటికీ చుట్టరికం లేదు. ‘ఫిర్’ రాత ఎఫ్, ఐ, ఆర్.

ఐరిష్‌లో దాదాపు ప్రతి హల్లుకూ రెండు పలుకులుంటాయి. ఒకటి వెడల్పు, రెండోది సన్నం. వాళ్ళ వ్యాకరణం పెట్టిన పేర్లకు అర్థం కూడా ఇదే. ఏ, ఓ, యూ పక్కనుంటే హల్లు వెడల్పు. ఈ, ఐ పక్కనుంటే సన్నం, అంటే నాలుకను ‘ఇ’ పలికే చోట ఉంచి హల్లును పలకాలి. ‘ఫ్యర్’లో ‘ఈ’ అనే అక్షరం ఉన్నది ఎఫ్ సన్నమని చెప్పడానికి. ‘ఏ’ అనే అక్షరం ఉన్నది ఆర్ వెడల్పని చెప్పడానికి. ‘ఫిర్’లో ఒక్క ఐ రెండువైపులా పనిచేస్తుంది కాబట్టి ఎఫ్, ఆర్ రెండూ సన్నం. మామూలు తెలుగు ‘ర్’తో ముగిస్తే వినేవాళ్ళకు అర్థమవుతుంది గానీ, ‘ర్’ తరువాత ‘య’ మొదలుపెట్టి ఊపిరి ఆపేసినట్టు పలికితే అసలు దానికి దగ్గరగా వస్తుంది. ఈ చివరి ధ్వనిని పట్టించుకోకపోతే ముందు ముందు విభక్తులు చెవికి ఆనవు.

‘ఈ’ అనే అక్షరం మీద వాలుగీత పడితే మాటే మారిపోతుంది. అప్పుడది ‘ఫేర్’, అంటే గడ్డి. చివర ఆర్ రెండుసార్లు రాస్తే ‘మేలు, ఇంకా మంచిది’ అనే అర్థం వస్తుంది. ఫోన్‌లో టైపు చేస్తూ గీత పెట్టడానికి బద్ధకిస్తే గడ్డి కాస్తా మగమనిషి అవుతుంది.

వేరు ఎక్కడుంది

సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న ‘వీరుడు’, ఐరిష్ ‘ఫ్యర్’ ఒకే వేరు నుంచి పుట్టినవి. లాటిన్‌లో అది ‘విర్’, లిథువేనియన్‌లో ‘వీరస్’, వెల్ష్‌లో ‘గూర్’. ఇంగ్లీషులో తోడేలు మనిషిని చెప్పే ‘వేర్‌వుల్ఫ్’ మాటలో మొదటి సగం ఇదే. ‘వరల్డ్’ అనే మాటలో కూడా ఇదే దాగి ఉంది. దాని పాత అర్థం మనుషుల కాలం. సంస్కృతంలో, లిథువేనియన్‌లో అచ్చు దీర్ఘం. లాటిన్‌లో, ఐరిష్, వెల్ష్ చేరే కెల్టిక్ కుటుంబ భాషల్లో హ్రస్వం.

ఇది చూసి తెలుగూ ఐరిషూ చుట్టాలని చెప్పకూడదు. తెలుగు ద్రావిడ భాష. ‘వీరుడు’ మనకు తత్సమం. ‘వీరు వచ్చారు’ అనేప్పటి ‘వీరు’కూ దీనికీ పోలిక కేవలం కాకతాళీయం.

వ కాస్తా ఫ ఎలా అయింది? మాట మొదట్లో ఉన్న పాత వకారం ఐరిష్‌లో ఫకారమైంది, వెల్ష్‌లో ముందు గకారాన్ని తగిలించుకుంది. సూత్రం సరైనదో కాదో చూడాలంటే ఒక్క మాట చాలదు, కనీసం మూడు మాటల మీద పరీక్షించాలి. ఇరవైని ఐరిష్‌లో ‘ఫిహ’ అంటారు, సంస్కృతంలో వింశతి. తెలిసి ఉండటాన్ని ‘ఫిస్’ అంటారు, సంస్కృతంలో విద్ ధాతువు, దాన్నుంచే వేదం. నిజాన్ని ‘ఫీర్’ అంటారు, లాటిన్‌లో వేరుస్. మూడూ కుదిరాయి కాబట్టి ‘ఫ్యర్’, వీర జోడీని నమ్మవచ్చు. ఓగమ్ గీతల లిపిలో రాళ్ళ మీద చెక్కిన శాసనాల కాలంలో, అంటే సుమారు 4 నుంచి 7వ శతాబ్దం వరకు, ఆ ధ్వనికి ఇంకా వకార విలువే ఉండేది.

ఇక అసలు కథ మాట చివర ఉంది. పాత కెల్టిక్‌లో కర్తగా వచ్చినప్పుడు ‘విరోస్’. షష్ఠీ విభక్తిలో, అంటే ‘మగవాడి’ అనేప్పుడు ‘విరీ’. కర్త బహువచనమూ ‘విరీ’యే. షష్ఠీ బహువచనం ‘విరోమ్’. వెనకున్న ఓ ప్రభావంతో ‘విరోస్’లోని ఇకారం దిగి ఎకారమైంది. ‘విరీ’లో వెనక ఈకారం ఉంది కాబట్టి ఇకారం కదల్లేదు, రేఫ కూడా సన్నబడింది. ఆ తరువాత చివరి అక్షరాలన్నీ రాలిపోయాయి. మిగిలినవి ‘ఫెర్’, ‘ఫిర్’. ప్రాచీన ఐరిష్ రాతప్రతుల్లో కనిపించేవి ఇవే. ‘మగవాడి’కీ ‘మగవాళ్ళు’కీ ఈనాడు ఒకే రూపం ఎందుకుందని అడిగితే సమాధానం ఇదే. ప్రత్యయం పోయింది, అది లోపలి అచ్చు మీద వదిలిన గుర్తు మిగిలింది.

బట్టీ పట్టవలసిన రూపాలు

ఉన్నవి రెండే ఆకారాలు. అవే చోటు మారుతుంటాయి.

ఏకవచనం కర్త, కర్మ: ఫ్యర్
ఏకవచనం షష్ఠి: ఫిర్
బహువచనం కర్త, కర్మ: ఫిర్
బహువచనం షష్ఠి: ఫ్యర్

ఏకవచనం రెండూ ఒక వరుసలో, బహువచనం రెండూ దాని కింది వరుసలో రాసుకుని చూడండి. ఒక కత్తెర గుర్తు కనిపిస్తుంది. ‘ఫ్యర్’ కనిపించగానే ఏకవచనం అనుకోవడం మొదటి తప్పు, ‘ఫిర్’ కనిపించగానే బహువచనం అనుకోవడం రెండో తప్పు. ముందున్న మాట చూడకుండా తీర్పు చెప్పకూడదు.

పిలిచేటప్పుడు మాత్రం ఇంకోటి వస్తుంది. ఒక్కడిని పిలిస్తే ‘అ ఇర్’, పదిమందిని పిలిస్తే ‘అ అర’. రాతలో ఎఫ్ ఉంటుంది, దాని వెనక హెచ్ చేరుతుంది, పలుకులో రెండూ మాయమవుతాయి. పాత పాటల్లో, సామెతల్లో ‘ఫ్యరివ్’ అనే రూపం తగిలితే కంగారు పడకండి. అది పాత చతుర్థీ బహువచనం, ఇప్పటి ప్రామాణిక భాషలో మీరు వాడనక్కర్లేదు.

మాట మొదలు మారే చోట్లు

నేర్చుకునేవాళ్ళు నిలిచిపోయేది ఇక్కడే. ఐరిష్‌లో ముందు మాటను బట్టి వెనక మాట మొదటి హల్లు మారుతుంది. ఆ మార్పు రెండు రకాలు. మొదటిది ‘షేవూ’, అంటే మెత్తబరచడం. హల్లు వెనక హెచ్ చేరుతుంది. ఎఫ్‌కు హెచ్ చేరితే ధ్వని పూర్తిగా పోతుంది. రెండోది ‘ఉరూ’, అంటే గ్రహణం. కొత్త అక్షరం ముందు చేరి అసలు హల్లును కప్పేస్తుంది. ఎఫ్ ముందు బీ, హెచ్ చేరి ‘వ్యర్’ అవుతుంది. ఎఫ్‌ను రాస్తారు గానీ పలకరు.

గ్రహణం తెలుగువాళ్ళకు కొత్త కాదు. ‘పూచెను’ వెనక ‘కలువలు’ వస్తే ‘పూచెం గలువలు’ అవుతుందని బడిలో చదివాం. చివర ద్రుతం, అంటే నకారం ఉన్న మాట తరువాత పరుషం సరళమవుతుంది: కకారం గకారం, తకారం దకారం, పకారం బకారం. ఐరిష్‌లో జరిగింది అచ్చంగా ఇదే. సీ అక్షరం పలుకు గకారమవుతుంది, టీ దకారమవుతుంది, పీ బకారమవుతుంది. కారణం కూడా ముందు మాట చివరి నకారమే. తేడా ఒక్కటే: మన దగ్గర ద్రుతం కళ్ళకు కనిపిస్తుంది, అక్కడ అది ఏనాడో రాలిపోయి దెబ్బ మాత్రం పక్క మాట మీద మిగిలింది. షష్ఠీ బహువచనంలో గ్రహణం ఎందుకని అడిగితే సంస్కృతం ‘తేషాం వీరాణాం’ గుర్తు చేసుకోండి. ఆ చివరి మకారం తోబుట్టువే ఐరిష్‌లో నీడగా మిగిలింది.

ఇప్పుడు ‘ఆ, ఫలానా’ అనే అర్థమిచ్చే ఆర్టికల్ పెట్టి చూద్దాం. ఏకవచనంలో అది ‘అన్’, బహువచనంలో ‘న’. హల్లు ముందు ‘అన్’లోని నకారం సాధారణంగా వినిపించదు.

కర్తగా ‘అ ఫ్యర్’. మార్పు లేదు. ఆర్టికల్ పాత రూపం పుంలింగంలో సకారంతో ముగిసేది కాబట్టి వెనకున్న హల్లు గట్టిగానే నిలిచింది.

షష్ఠిలో ‘అనిర్’. ఆర్టికల్ పాత రూపం అచ్చుతో ముగిసింది, రెండు అచ్చుల మధ్య పడి ఎఫ్ మెత్తబడింది, మెత్తబడి పోయింది. ఎఫ్ పలకదు కాబట్టి ‘అన్’లోని నకారం తిరిగి వినిపిస్తుంది. ‘ఆయన టోపీ’ అనడానికి ‘హత అనిర్’.

బహువచనం కర్త ‘న ఫిర్’. షష్ఠి ‘న వ్యర్’. మగవాళ్ళ టోపీలు ‘హతీ న వ్యర్’.

‘హత అనిర్’లో ఆర్టికల్ ఒక్కసారే వస్తుందని గమనించండి. ఇంగ్లీషు మీదుగా ఐరిష్ నేర్చుకునేవాళ్ళు టోపీ ముందు కూడా ఒకటి తగిలిస్తారు. అది తప్పు. వెనకున్న మాట నిశ్చితమైతే ముందున్నదీ నిశ్చితమే.

దగ్గర, మీద, తో

ఐరిష్‌లో ఈ మాటలు నామవాచకానికి ముందు వస్తాయి. ఆర్టికల్ లేనప్పుడు కొన్ని మెత్తబరుస్తాయి, కొన్ని ముట్టుకోవు. ‘ఓ అర్ గొ ఫ్యర్’ అంటే ఒకరి నుంచి ఇంకొకరి దాకా. ‘నుంచి’ అనే ‘ఓ’ ఎఫ్‌ను మింగేసింది, ‘దాకా’ అనే ‘గొ’ వదిలేసింది. ఈ ఒక్క పదబంధం గుర్తుంటే రెండు జట్లూ గుర్తున్నట్టే.

ఆర్టికల్ చేరితే పని తేలిక. ఎక్కువ చోట్ల గ్రహణమే: ‘ఎగ్ అ వ్యర్’ ఆయన దగ్గర, ‘ఎర్ అ వ్యర్’ ఆయన మీద, ‘లెష్ అ వ్యర్’ ఆయనతో. ‘కి’ అనే అర్థంలో ‘దొన్’, ‘నుంచి, లోంచి’ అనే అర్థంలో ‘దెన్’ వస్తే మాత్రం మెత్తబడుతుంది: ‘దొన్యర్’. ఉత్తరాన అల్‌స్టర్‌లో అన్ని చోట్లా మెత్తబరుస్తారు. అక్కడివాళ్ళు ‘ఎర్ అన్యర్’ అంటే తప్పనుకోకండి. మీరు ఏదో ఒక ప్రాంతపు పద్ధతి ఎంచుకుని దానికే కట్టుబడితే చాలు.

వాక్యం కట్టేటప్పుడు ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగులో ఆలోచించండి. కలిగి ఉండటానికి ఐరిష్‌లో క్రియ లేదు. ‘తా హత ఎగ్ అ వ్యర్’ అంటే మాటకు మాట ‘ఉంది టోపీ ఆయన దగ్గర’. మన ‘ఆయన దగ్గర టోపీ ఉంది’ కూడా ఇంతే. సంతోషం, ఆకలి, భయం లాంటివి ఐరిష్‌లో మనిషి ‘మీద’ ఉంటాయి: ‘తా ఆహస్ ఎర్ అ వ్యర్’, అంటే ‘ఉంది సంతోషం ఆయన మీద’. మనకు ‘ఆయనకు ఆకలిగా ఉంది’ అన్నప్పుడు ‘కు’ చేసే పనే అక్కడ ‘మీద’ చేస్తుంది.

విశేషణం తోడైతే

విశేషణం వెనక వస్తుంది, నామవాచకం ఏం చేస్తే తానూ చేస్తుంది. పెద్ద అనే ‘మోర్’ తీసుకుంటే: కర్తగా ‘ఫ్యర్ మోర్’, షష్ఠిలో ‘అనిర్ వోర్’, బహువచనంలో ‘ఫిర్ వోర’, షష్ఠీ బహువచనంలో మళ్ళీ ‘న వ్యర్ మోర్’. ‘ఫిర్’ సన్న హల్లుతో ముగిసే బహువచనం కావడం వల్లే దాని వెనక విశేషణం మెత్తబడింది. సన్న హల్లుతో ముగియని బహువచనాల దగ్గర ఇది జరగదు.

లెక్కపెట్టడం

ఇక్కడ తెలుగువాళ్ళు హాయిగా నవ్వుకోవచ్చు. మూడు పుస్తకాలు, కానీ ముగ్గురు మనుషులు: ఈ భేదం ఐరిష్‌లోనూ ఉంది. ఇద్దరు ‘బెర్ట్’, ముగ్గురు ‘ట్ర్యూర్’, నలుగురు ‘క్యహ్రర్’, ఐదుగురు ‘కూగ్యర్’, ఆరుగురు ‘షెషర్’, ఏడుగురు ‘ష్యఖ్తర్’. ఏడు దాటాక మనం ‘మంది’కి మారిపోతాం. వాళ్ళు ‘ఒఖ్తర్’, ‘నీనూర్’, ‘డెహ్‌న్యూర్’ అంటూ పదిమంది దాకా లాగుతారు. పదకొండుకు ప్రత్యేకమైన మాట లేదు, పన్నెండుకు మళ్ళీ ‘దారేగ్’ ఉంది. పదమూడు నుంచి మామూలు అంకెలే.

ఈ మాటల వెనక షష్ఠీ బహువచనం రావాలి, అంటే ‘ఫ్యర్’. ‘ట్ర్యూర్ ఫ్యర్’. చూడటానికి ఏకవచనంలా ఉన్నా అది బహువచనమే. ‘బెర్ట్’ ఒక్కటే మెత్తబరుస్తుంది: ‘బెర్ట్ అర్’. ఒక్క మనిషైతే ‘ఫ్యర్ అవాన్’. ‘ట్ర్యూర్ ఫిర్’ అనడం నేర్చుకునేవాళ్ళు మాటిమాటికీ చేసే తప్పు. మన ‘ముగ్గురు మగవాళ్ళు’లోని బహువచనమే ఈ తప్పు చేయిస్తుంది.

నా, నీ, ఆయన, ఆమె

‘అ’ అనే ఒకే అక్షరం ఆయన, ఆమె, వాళ్ళు ముగ్గురికీ పనిచేస్తుంది. ఎవరిదో చెప్పేది వెనక మాట మొదటి హల్లు. భర్తను ‘ఫ్యర్ కేల’ అంటారు. ‘అ ఫ్యర్ కేల’ అంటే ఆమె భర్త. ఎఫ్ మెత్తబడి ‘అ అర్ కేల’ అయితే ఆయన భర్త. గ్రహణం పట్టి ‘అ వ్యర్’ అయితే ‘వాళ్ళ’ అని అర్థం. ఒకే లింగంవాళ్ళ పెళ్ళిని ఒప్పుకున్న 2015 ప్రజాభిప్రాయ సేకరణ తరువాత ఐర్లాండ్‌లో మొదటి రెండూ చట్టబద్ధమైన వాక్యాలే కాబట్టి, సందర్భం చూసి సర్దుకుంటారులే అని ఆ హెచ్‌ను వదిలేయడం కుదరదు. ‘నా భర్త’ అనేప్పుడు ‘మొ’లోని అచ్చు ఎగిరిపోయి ‘మ్యర్ కేల’ అవుతుంది.

మ్నా సంగతి

తలుపు మీది రెండో మాట ఏ సూత్రానికీ లొంగదు. ఏకవచనం ‘బ్యన్’, స్త్రీలింగం. షష్ఠి ‘మ్నా’, బహువచనం ‘మ్నా’, షష్ఠీ బహువచనం ‘బన్’. ఆర్టికల్‌తో ‘అ వ్యన్’, ‘న మ్నా’, ‘న మ్నా’, ‘న మన్’. చివరిది 1914లో ఏర్పడిన మహిళా సంఘం ‘కుమన్ న మన్’ పేరులో ఉంది. రాతలో గ్రహణపు ఎమ్ చిన్న అక్షరం, దాని వెనక అసలు బీ పెద్ద అక్షరం. పేర్లలో గ్రహణం రాసే తీరు అంతే. పడమటి ప్రాంతమైన కోనఖ్ట్‌లో, అల్‌స్టర్‌లో ‘మ్నా’ను ‘మ్రా’ అని పలుకుతారు. ‘అ వ్యన్’, ‘అ వ్యర్’ చెవికి దగ్గరగా ఉంటాయి. వెడల్పు నకారం, వెడల్పు రేఫ మధ్య తేడా వినడం అలవాటు చేసుకోండి.

నిఘంటువులో చూసే పద్ధతి

1977 నాటి ఓ డోనల్ ఐరిష్-ఇంగ్లీష్ నిఘంటువు ‘త్యంగ్లన్’ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆరోపం తెరిచాక అర్థం చదివే ముందు కుండలీకరణాల్లోని పొట్టి అక్షరాలు చదవండి. ఎమ్ అంటే పుంలింగం. జీ, ఎస్ అంటే షష్ఠీ ఏకవచనం. ఎన్, పీ, ఎల్ అంటే ప్రథమా బహువచనం. జీ, పీ, ఎల్ అంటే షష్ఠీ బహువచనం. ఈ నాలుగూ నోటుపుస్తకంలో రాసుకున్నాకే అర్థానికి వెళ్ళండి. అదే చోట మూడు ప్రాంతాల ఉచ్చారణలూ వినవచ్చు. ఒక్కటే ఎంచుకుని పదిసార్లు వినడం మూడూ మూడేసి సార్లు వినడం కంటే మేలు. అదే అక్షరాలతో ఇంకో ఆరోపం కూడా ఉంటుంది. అది క్రియ, ‘స్వాగతం పలకడం’ లాంటి పదబంధాల్లో వస్తుంది. రెంటినీ కలిపేయకండి. పాత రూపాలు కావాలంటే రాయల్ ఐరిష్ అకాడమీ వారి ప్రాచీన భాషా నిఘంటువులో ‘ఫెర్’ కింద వెతకాలి, ఇప్పటి రాతతో కాదు.

ఈ మాట పట్టుబడ్డాక ఇదే అచ్చులో పోసినవాటి మీద చేయి తిప్పుకోండి: తల ‘క్యన్’ నుంచి ‘కిన్’, కలం ‘ప్యన్’ నుంచి ‘పిన్’, ట్రౌట్ చేప ‘బ్ర్యక్’ నుంచి ‘బ్రిక్’. కలాలను, చేపలను ‘ట్ర్యూర్’తో లెక్కపెట్టరు, మనం ముగ్గురు కలాలు అననట్టే.

ఒక్క చిక్కు ఆఖరికి అట్టిపెట్టాం, ఎందుకంటే బాగా వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు. తపాలా మనిషిని ‘ఫ్యర్ అ ఫుష్ట్’ అంటారు, అంటే ‘తపాలా యొక్క మనిషి’. వెనక షష్ఠి ఉంది కాబట్టి ముందు ఆర్టికల్ పెట్టరు. మరి ‘తపాలా మనిషి టోపీ’ అనాలంటే? ఇంతసేపూ నేర్చుకున్నది ‘హత ఇర్ అ ఫుష్ట్’ అనమంటుంది. కానీ ప్రామాణిక భాషలో అలా అనరు. నిశ్చితమైన షష్ఠి వెనక వేలాడుతుంటే ముందున్న మాట షష్ఠీ రూపం వదిలేసి ప్రథమలోనే ఉండిపోతుంది, మెత్తబడటం మాత్రం ఉంచుకుంటుంది: ‘హత అర్ అ ఫుష్ట్’. రాతలో ఎఫ్ వెనక హెచ్ ఉంటుంది, లోపలి ‘ఈ’, ‘ఏ’ అనే అక్షరాలు కదలవు.